సువాసన: ఒక గ్రీకు పదము నడచిన త్రోవ

పంచేంద్రియములలో ముక్కునకు భాష యిచ్చిన సొమ్ము మిక్కిలి తక్కువ. కంటికి కనబడు రంగులకు ఎఱుపు, పసుపు, నీలము మొదలుగా వేర్వేరు పేళ్లున్నవి. నాలుకకు తెలియు రుచులను మన పూర్వులు ఆఱుగా విభజించి షడ్రసములనిరి. వాసనలకో, అట్టి సొంత పేళ్లు అరుదు. మల్లెవాసన, మట్టివాసన, పొగవాసన అని అది పుట్టిన వస్తువు పేరు చెప్పి ఊరకుందుము. లేదా మంచివాసన, చెడువాసన అని రెండుగా చీల్చి తృప్తి పడుదుము.

ఇట్టి పేద పదజాలములోని మాట యొకటి ఒక మతగ్రంథమున ప్రవేశించి, కొన్ని శతాబ్దులలో తన యర్థమును అడుగడుగునకు పెంచుకొనుచు పోయిన చరిత్ర గలదు. ఆ మాట గ్రీకు భాషలోని "యువోదియా". క్రైస్తవుల నూతన నిబంధనమున అది మూడే మూడు చోట్ల కనబడును. తెలుగు బైబిలు దానిని "సువాసన" యన్నది. నిఘంటువు తిరుగవేయువారికి ఇంతతో పని తీఱును. కాని ఆ మూడు చోట్లను కలిపి చదివినచో, సువాసన యనగానే మన మనస్సునకు తోచు పూలు గాని, అత్తరు గాని, అగరువత్తులు గాని అక్కడ లేవని తెలియును. మఱి యేమున్నవి? ఒకచోట ఊరేగింపులో నడచు మనుష్యులు, ఒకచోట ప్రాణత్యాగము, ఒకచోట బందీ యొకనికి మిత్రులు పంపిన సరకులు. వీనిని సువాసన యని పిలుచుట కేవలము అలంకారమా? లేక ఆ మాటలో మనకు వినబడని ధ్వని యేదైన కలదా? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటయే యీ వ్యాసమునకు విషయము.

ముందుగా మాట నిర్మాణమును చూతము. గ్రీకున "యు" అనగా మంచి. "ఒద్" అనునది వాసనవేయుట యను నర్థముగల ధాతువు. ఈ రెండును సమాసము కాగా, ధాతువులోని హ్రస్వమైన ఒకారము దీర్ఘమై "యువోదియా" ఏర్పడినది. లాటినులో వాసనకు "ఒదోర్" అను మాట యీ కుటుంబములోనిదే. వాసనకు గ్రీకున సామాన్యమైన పేరు "ఒస్మే". విద్యార్థులు ఈ మాటల నెఱుగకయే వీని చుట్టములను రసాయనశాస్త్రమున కలిసికొనుచున్నారు. 1840లో షోన్‌బైన్ అను శాస్త్రజ్ఞుడు ఘాటైన వాసనగల యొక వాయువునకు ఓజోను అని పేరిడినది, వాసనవేయు ననెడి గ్రీకు క్రియను బట్టియే. 1803లో స్మిత్సన్ టెనంట్ కనుగొనిన ఆస్మియము లోహమునకు ఆ పేరు "ఒస్మే" నుండి వచ్చినది. సంస్కృతమున "సు", "వాసన" కలిసినట్లే గ్రీకున ఈ రెండు మాటలును కలిసినవి. కనుక తెలుగు అనువాదము నిర్మాణమునందు మూలమునకు అచ్చముగా సరిపోయినది. చిక్కు నిర్మాణమున లేదు, చరిత్రలో నున్నది.

నూతన నిబంధనమున యువోదియా వచ్చిన మూడు చోట్లలో రెండింట అది ఒంటరిగా రాక, "ఒస్మే యువోదియాస్" అని జంటగా వచ్చినది. అనగా "సువాసన యొక్క వాసన". వినుటకు పునరుక్తివలె నున్న ఈ జంటమాట ఆ రచయిత కల్పించినది కాదు. అతనికి మూడు శతాబ్దులకు పూర్వమే ఈజిప్టులోని అలెగ్జాండ్రియా నగరమున పుట్టినది.

ఆ నగరమున స్థిరపడిన యూదులకు గ్రీకు మాతృభాష వంటిదైనది. హీబ్రూలోని తమ ధర్మశాస్త్రము వారికి దూరమగుచుండెను. క్రీ.పూ. 3వ శతాబ్దిలో ఆ ధర్మశాస్త్రము గ్రీకులోనికి అనువదింపబడినది. డెబ్బదిరెండుగురు పండితులు దానిని నెఱవేర్చిరని ఐతిహ్యము. అందుచేత దానికి "డెబ్బది" యను నర్థమున సెప్టువజింటు అను పేరు కలిగినది. హీబ్రూ మూలమున బలులను వర్ణించుచోట "రేయహ్ నీహోయహ్" అను పలుకుబడి పదేపదే వచ్చును. రేయహ్ అనగా వాసన. నీహోయహ్ అనునది విశ్రమించుట, ఊఱట చెందుట యను నర్థముగల ధాతువునకు సంబంధించినది. కావున ఆ పలుకుబడికి సరియైన యర్థము "శాంతింపజేయు వాసన". అనువాదకులు దానిని "ఒస్మే యువోదియాస్" అనిరి. శాంతి పోయినది, కమ్మదనము వచ్చినది. ఒక భాషనుండి మఱియొక భాషకు పోవునపుడు మాట ఏమి కోల్పోవునో, ఏమి పొందునో చూపుటకు ఇంతకంటె స్పష్టమైన యుదాహరణము దొరకుట కష్టము.

ఈ పలుకుబడి తొలిసారి వచ్చినది జలప్రళయ కథలో. వఱద తీసిన పిమ్మట నోవహు ఓడ దిగి, బలిపీఠము కట్టి, పశువులను పక్షులను అర్పించును. దేవుడు ఆ వాసనను ఆఘ్రాణించి, ఇకమీదట భూమిని శపింపనని తన హృదయమున నిశ్చయించుకొనును. నోవహు పేరు హీబ్రూలో విశ్రాంతికి సంబంధించిన ధ్వనిగలది. విశ్రాంతి పేరుగలవాడు విశ్రాంతి నిచ్చు వాసనను అర్పించెనని మూలమున ఒక శబ్దచమత్కారమున్నది. గ్రీకులో అది మాయమైనది, తెలుగులోను రాలేదు.

ఇట్టి కథ హీబ్రూవారికే పరిమితము కాదు. బాబిలోనియా వారి గిల్గమేషు కావ్యము పదునొకండవ ఫలకమునందును జలప్రళయము, ఓడ, బలి కలవు. మట్టిపలకలపైని ఆ కథను చదివి జార్జి స్మిత్ అను పండితుడు 1872 డిసెంబరు 3వ తేదీన లండను పండితసభలో వెల్లడించినపుడు విద్వల్లోకము విస్మయము చెందినది. అందు దేవతలు బలివాసన పీల్చి, ఈగలవలె అర్పించువాని చుట్టు మూగిరి. మనుష్యులు నశించుటచే నైవేద్యములు నిలిచిపోయి వారు ఆకలిగొని యుండిరి. గ్రీకు మహాకవి హోమరు ఇలియడ్డు మొదటి సర్గమున బలిక్రొవ్వు కమురువాసన పొగతో చుట్టుకొని ఆకాశమునకు ఎగయును. దానికి గ్రీకులకు "క్నీసే" అను ప్రత్యేకమైన మాట యుండెను. అలెగ్జాండ్రియా అనువాదకులు దేవతల యాకలిని స్ఫురింపజేయు ఆ మాటను ఈ పలుకుబడికి వాడలేదు. నోవహు కథలో దేవుడు భుజింపడు; ఆఘ్రాణించి నిశ్చయించును. యువోదియా యను మాటకు ఆకలి తీఱుట గాక, అంగీకరించుట యను భావము ఇక్కడినుండి అంటుకొన్నది.

ఈ భావము స్థిరపడినది లేవీయకాండమునందు. దాని మొదటి యధ్యాయము దహనబలి విధులను చెప్పుచున్నది. కలవాడు ఎద్దును తెచ్చును. అంతకు తక్కువవాడు గొఱ్ఱెను గాని మేకను గాని తెచ్చును. మఱియొకడు గువ్వనో పావురపు పిల్లనో తెచ్చును. మూడు విధులును చివర ఒకే పలుకుబడితో ముగియుచున్నవి. ఎద్దునకు "ఒస్మే యువోదియాస్". గువ్వకును "ఒస్మే యువోదియాస్". పాఠకులు ఒక్క క్షణము ఆగి యోచింపవలెను. కాలుచున్న మాంసము, క్రొవ్వు, చర్మముతో కూడిన పక్షి, వీని వాసనను మన ముక్కు సువాసన యనునా? ఎద్దు వాసనయు గువ్వ వాసనయు ఒక్కటియగునా? ఇక్కడ మాట ముక్కునకు సంబంధించినది కాదని దీనివలన స్పష్టమగుచున్నది. దహనబలిలో మాంసమంతయు కాలిపోవును. తెచ్చినవాడు తినుటకు ఏమియు మిగులదు. పొగ పైకి పోయినది, తిరిగి రాదు. ఇచ్చినది అందినది. ఇచ్చినవానికిని పుచ్చుకొన్నవానికిని నడుమ ఆ వాసన యొక రసీదు వంటిది.

రసీదు ఇచ్చువాడు దానిని నిరాకరింపనుగలడు. ఇదే మాటయొక్క రెండవ ముఖము. అదే లేవీయకాండము చివరిభాగమున, ప్రజలు ధర్మము తప్పినచో వారి సువాసనలను తాను ఆఘ్రాణింపనని దేవుడు చెప్పును. క్రీ.పూ. 8వ శతాబ్దిలో ఆమోసు ప్రవక్త ఈ నిరాకరణమును నడిబజారున నిలబెట్టెను. అతడు తెకోవ గ్రామపు గొఱ్ఱెలకాపరి. ఒక జత చెప్పులకొఱకు పేదవానిని అమ్మువారిని చూచినవాడు. తప్పుడు త్రాసులతో ధాన్యము కొలుచువారిని చూచినవాడు. అట్టివారు జరపు పండుగలనుండి వచ్చు వాసన దేవునికి అక్కఱలేదని అతడు చాటెను. బలిలో లోపము లేదు, శాస్త్రవిధి తప్పలేదు, క్రొవ్వు మునుపటివలెనే కాలుచున్నది. ఐనను వాసన చేరలేదు. ఎందుచేత? తెచ్చినవాని చేతులలోని యన్యాయము పొగకంటె ముందుగా పైకి పోయినది.

అటుపిమ్మట మాట మఱియొక మలుపు తిరిగినది. క్రీ.పూ. 597లో బాబిలోనునకు చెఱగొనిపోబడిన యూదులలో యెహెజ్కేలు ఒకడు. యెరూషలేము బలిపీఠము వారికి అందని దూరమున నుండెను. చెదరిపోయిన జనులను దేశములనుండి సమకూర్చు దినమున వారినే సువాసనగా అంగీకరింతునని దేవుడు పలికినట్లు అతడు వ్రాసెను. అంతవఱకు సువాసన మనుష్యులు తెచ్చు వస్తువునకు చెందినది. ఇప్పుడు మనుష్యులే సువాసన యైరి. పీఠము లేనిచోట ఈ భావము పుట్టుట గమనింపదగినది.

మాట యింత ప్రయాణము చేసినపిదప పౌలు చేతికి వచ్చినది. అతడు తార్సు నగరమున పుట్టిన యూదుడు, గ్రీకులో వ్రాసినవాడు, సెప్టువజింటు అతనికి కంఠస్థము వంటిది. కొరింథు నగరమువారికి అతడు వ్రాసిన రెండవ లేఖ క్రీ.శ. 55, 56 ప్రాంతమునాటిది. ఆ నగరమువారికిని తనకును మనస్పర్ధ కలిగినది. వార్త తెచ్చుటకు పోయిన తీతు అను మిత్రుడు త్రోయ పట్టణమున కనబడలేదు. మనస్సు నిలువక పౌలు మాసిదోనియకు బయలుదేఱెను. ఈ కలత చెప్పుచు చెప్పుచు అతడు హఠాత్తుగా ఒక ఊరేగింపును వర్ణింపసాగెను.

అచ్చట అతడు వాడిన క్రియ "థ్రియంబెవెయిన్". రోమను సేనాపతి జయించి వచ్చినపుడు జరపు విజయోత్సవమున నడిపించుట దాని యర్థము. ఆ యుత్సవమున కొల్లసొమ్ము ముందు నడచును. సంకెళ్లతో బందీలు నడతురు. రథముపై విజేత వచ్చును. క్రీ.పూ. 201లో స్కిపియో జరపిన ఉత్సవమున ధూపపాత్రలు మోయువారు పెక్కుమంది నడచిరని అప్పియను అను చరిత్రకారుడు వ్రాసెను. ఊరేగింపు ముగిసినపిదప ముఖ్యులైన బందీలకు తఱచుగా మరణము కాచుకొని యుండెను. గాల్ వీరుడు వెర్సింజెటోరిక్స్ క్రీ.పూ. 46లో సీజరు ఉత్సవమున నడపింపబడి చంపబడెను. ఈ క్రియకు ఒక మనుష్యుడు కర్మయైనపుడు అతడు విజేత తోటివాడని గాక, బందీయని యర్థము చేయుటయే గ్రీకు వాడుకకు తగినదని పెక్కుమంది పండితుల మతము. అట్లైనచో పౌలు తన్ను విజేతగా గాక, దేవుడు నడిపించు బందీగా చిత్రించుకొనెను.

ఆ వెంటనే వాసన వచ్చును. తన ద్వారా దేవుని యెఱుక యను వాసన అంతట వ్యాపించుచున్నదనియు, తానును తనవారును దేవునికి క్రీస్తు సువాసన యనియు చెప్పి, అది కొందఱికి మరణమునుండి మరణమునకు, కొందఱికి జీవమునుండి జీవమునకు వాసన యని పౌలు ముగించును. ఈ వాసన ఊరేగింపు ధూపమా, బలిపీఠపు పొగయా యని వ్యాఖ్యాతలు తర్కింతురు. "ఒస్మే" అను మాట వీథిలోని ధూపమునకు సరిపోవును. "యువోదియా" బలిపీఠమును తలపించును. రెండును ఇక్కడ కలిసినవని చెప్పుట సమంజసము. వీథిలో ఒకే ధూపము విజేత ముక్కునకు గౌరవము. బందీ ముక్కునకు చావు దాపున నున్నదను గుఱుతు. వాసన మాఱలేదు, పీల్చినవారి గతి వేఱైనది.

భాషలోనే ఇట్టి విపర్యాసము సంభవించుట మన మెఱుగుదుము. కన్నడమున "కంపు" అనగా నేటికిని పరిమళమే. ఎల్ల దాటి తెలుగునేలకు వచ్చినచో అదే మాటకు ముక్కు మూసికొందుము. మాట యొక్కటే, విన్నవాని దేశము వేఱు. పౌలు భాషకు గాక మనుష్యుని గుండెకు ఈ సూత్రమును అన్వయించెను.

ఇంత చెప్పి అతడు తృప్తి పడలేదు. ఈ పనికి తగినవాడెవడని తన్ను తానే ప్రశ్నించుకొని, దేవుని వాక్యమును చిల్లర బేరము చేయువారివంటివారము కామని చేర్చెను. ఆ క్రియ "కపేలోస్" అను మాటనుండి వచ్చినది. అనగా చిల్లర వర్తకుడు, ముఖ్యముగా ద్రాక్షసారాయి అమ్మువాడు. సెప్టువజింటులోని యెషయా గ్రంథము మొదటి యధ్యాయమున ఈ కపేలోసులే సారాయిలో నీళ్లు కలుపువారు. సువాసన గుఱించి చెప్పిన నోటనే కల్తీ గుఱించి చెప్పుట యాదృచ్ఛికము కాదు. తన్ను తాను అర్పించుకొనువానికిని, పరుల యర్పణమును సరకుగా అమ్ముకొనువానికిని గల భేదమును కొరింథువారు గుర్తింపవలెనని అతని తపన.

ఇక్కడ యోహాను సువార్తలోని యొక ఘట్టమును తలచుకొనుట అవసరము. బేతనియ గ్రామమున మరియ యను స్త్రీ ఒక లీత్రా జటామాంసి తైలమును యేసు పాదములకు పూయగా, ఆ ఇల్లంతయు వాసనతో నిండినది. ఇక్కడ యువోదియా లేదు. "ఒస్మే" మాత్రమే కలదు. నూతన నిబంధనమున నిజముగా ముక్కునకు సోకు పరిమళమునకు ఒస్మే యను మాట వాడబడినది ఈ యొక్కచోటనే. ఆ తైలమునకు భారతదేశముతో సంబంధము కలదు. జటామాంసి హిమాలయములలో మొలచు మొక్క వేరు. సంస్కృతమున "నలదము", హీబ్రూలో "నేర్ద్", గ్రీకున "నార్దోస్" అని ఆ సరకుతోపాటు పేరును పడమరకు పోయినది. క్రీ.శ. 2వ శతాబ్దినాటి పపైరసు పత్రమొకటి వియన్నా నగరమున కలదు. కేరళ తీరమునందలి ముజిరిసు రేవునుండి వచ్చిన హెర్మపొల్లోను అను నౌకలో గంగాతీరపు జటామాంసి పెట్టెలు 60 ఉన్నట్లు అందు వ్రాయబడినది.

మరియ పూసిన తైలము వెల 300 దేనారములని యూదా ఇస్కరియోతు లెక్కగట్టెను. ఒక దేనారము ఒక దినపు కూలి. ఇది అమ్మి పేదలకు ఈయరాదా యని అతని ప్రశ్న. ప్రశ్న న్యాయమైనదే, అడిగినవాడు డబ్బుసంచిలోనుండి దొంగిలించువాడని సువార్త చెప్పును. యేసు ఆ యర్పణమును తన భూస్థాపన దినమునకు సంబంధించినదిగా అంగీకరించెను. దీనికి ముందటి యధ్యాయమున, ఈ మరియ సోదరుడు లాజరు చనిపోయి నాలుగు దినములు కాగా, సమాధి తెఱవబోవునపుడు అక్క మార్త, దేహము కంపుకొట్టుచుండునని అడ్డుపడెను. అచ్చటి క్రియయు మనము మొదట చూచిన "ఒద్" ధాతువుదే. ఒకే కుటుంబము, ఒకే ధాతువు. ఒక యధ్యాయమున శవపు కంపు, మఱియొక యధ్యాయమున ఇంటినిండ పరిమళము.

యువోదియాకు తిరిగి వత్తము. దాని రెండవ ప్రయోగము ఎఫెసీయులకు వ్రాసిన లేఖ అయిదవ యధ్యాయమున కలదు. ఈ లేఖ పౌలు స్వయముగా వ్రాసినదా, శిష్యులు అతని పేర వ్రాసినదా యని పండితులలో భేదాభిప్రాయములున్నవి. క్రీస్తు మనుష్యులను ప్రేమించి తన్ను తాను బలిగా అర్పించుకొని దేవునికి సువాసన యయ్యెననియు, ఆ ప్రేమయందే నడువుడనియు అచ్చటి బోధ. లేవీయకాండపు జంటమాట అక్షరము మాఱక ఇక్కడికి వచ్చినది. కాని కాలునది పశువు కాదు. అర్పించువాడును అర్పింపబడునదియు ఒక్కరే.

మూడవ ప్రయోగము నా దృష్టిలో అన్నిటికంటె గొప్పది. అన్నిటికంటె సామాన్యమైన సందర్భమున వచ్చినది. పౌలు చెఱలో నుండెను. ఆనాటి రోమను చెఱలలో బందీకి తిండియు బట్టయు సమకూర్చువారు సామాన్యముగా బంధువులో మిత్రులో కావలెను. మాసిదోనియలోని ఫిలిప్పీ పట్టణమువారు ఎపఫ్రొదితు అను వానిచేత అతనికి సాయము పంపిరి. ఆ దూత మధ్యలో రోగియై చావు దాపునకు పోయి బ్రతికెను. సరకు అందినపిదప పౌలు వ్రాసిన లేఖయే ఫిలిప్పీయులకు వ్రాసిన పత్రిక. అందు నాలుగవ యధ్యాయమున అతడు మొదట "అపేఖో" అను మాట వాడెను. ఈజిప్టు ఇసుకలో దొరకిన పపైరసు పత్రములలో ఈ మాట వ్యాపారపు రసీదులపై కనబడును. "సొమ్ము పూర్తిగా ముట్టినది" అని దాని యర్థము. అట్లు రసీదు వ్రాసి యిచ్చి, వెంటనే ఆ సరకునకు అతడు పెట్టిన పేరు "ఒస్మే యువోదియాస్".

వారు పంపినది రొట్టెయో, కంబళియో, నాణెములో పౌలు చెప్పలేదు. ఏదైనను అది ముక్కునకు పరిమళించు వస్తువు కానక్కఱలేదు. నోవహు పీఠముపై ఎగసిన మాట, లేవీయ యాజకుల పెదవులపై మెలగిన మాట, ఆమోసు నిరాకరించిన మాట ఇప్పుడు చెఱసాల గుమ్మము దాటి మిత్రుడు మోసికొని వచ్చిన మూటపై వాలినది. అప్పటికి యెరూషలేము దేవాలయము నిలిచియే యున్నది, క్రీ.శ. 70లో గాని రోమనులు దానిని కాల్పలేదు. బలిపీఠముపై పొగ లేచుచుండగానే, ఆపదలోనున్నవానికి చేసిన సాయము ఆ పొగతో సమానమని చెప్పుటకు ఎంత గుండె కావలెను! గువ్వ తెచ్చినవానికిని ఎద్దు తెచ్చినవానికిని ఒకే మాట చెప్పిన లేవీయకాండపు న్యాయము ఇక్కడ సంపూర్ణమైనది.

ఇదే యధ్యాయమున విద్యార్థులు పొరబడదగిన తావొకటి కలదు. ఫిలిప్పీ సంఘమున కలహించుకొన్న యిద్దఱు స్త్రీలను ఏకమనస్కులు కండని పౌలు వేడుకొనెను. వారిలో ఒకామె పేరు యువొదియా. ఈమె పేరునకును సువాసనకును సంబంధము లేదు. ఆ పేరులోని ఒకారము హ్రస్వము; "హొదోస్", అనగా త్రోవ యను మాటనుండి పుట్టినది; "మంచి ప్రయాణము" అని యర్థము. గ్రీకున హ్రస్వమైన ఒకారమునకు ఒక యక్షరము, దీర్ఘమునకు మఱియొక యక్షరము కలవు. సంస్కృతమున లేని ఈ హ్రస్వ దీర్ఘ భేదము తెలుగున కలదు గనుక ఒ, ఓ లతో మనము దీనిని సులువుగా చూపవచ్చును. ఒక్క యచ్చు నిడివిలో త్రోవకును వాసనకును ఎడము.

తరువాతి కథ సంగ్రహముగా చెప్పుదును. తొలి శతాబ్దుల క్రైస్తవులు ఆరాధనయందు ధూపము వాడలేదు. దానికి కారణము కలదు. క్రీ.శ. 112 ప్రాంతమున బితూనియ పాలకుడు ప్లినీ, క్రైస్తవులని నేరారోపణ పొందినవారిచేత ట్రాజను చక్రవర్తి ప్రతిమ యెదుట ధూపమును ద్రాక్షరసమును అర్పింపజేసి పరీక్షించితినని చక్రవర్తికే వ్రాసెను. చిటికెడు సాంబ్రాణి వేసినవాడు బ్రతుకును. వేయనని పట్టుబట్టినవాడు చచ్చును. పౌలు చెప్పిన మరణవాసన, జీవవాసన వారికి పుస్తకములోని యలంకారములు కావు. ఆ శతాబ్ది మధ్యకాలమున స్ముర్నా నగరపు వృద్ధుడు పొలికార్పును దహించినపుడు మంటలోనుండి సాంబ్రాణివంటి పరిమళము వచ్చినదని అతని మరణవృత్తాంతము వ్రాసినవారు చెప్పిరి. వారు వాడిన మాటయు యువోదియాయే. నాలుగవ శతాబ్ది చివరకు ధూపము క్రైస్తవారాధనమున ప్రవేశించినది; నాటినుండి మాటకు ముక్కుతోడి సంబంధము మరల కుదిరినది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు సమాధానము చెప్పవచ్చును. యువోదియా యనగా కమ్మని వాసన మాత్రమే కాదు. తనకు మిగుల్చుకొనక యిచ్చినది, ఇచ్చినవాని చేతులు శుభ్రముగా నున్నందున పుచ్చుకొనబడినది అని దాని పూర్ణార్థము. మన భాషలో "వాసన" యను మాటకు మఱియొక యర్థముకూడ నున్నది: చేసిన పని మనస్సున విడిచిపోవు సంస్కారము. "సువాసన" యను అనువాదమును ఈ రెండవ యర్థపు వెలుగున చదివినచో పూలతోటకంటె పౌలు చెఱసాలకు కొంత దగ్గఱగా పోవుదుము. అనువాదకులు ఈ యర్థమును ఉద్దేశించిరని నేననను. మాటలో ఆ శక్తి యున్నదని మాత్రమే చెప్పుచున్నాను.

భాష నేర్పు ఉపాధ్యాయులకు ఇందు ఒక పాఠమున్నది. పదమునకు ప్రతిపదము చెప్పుటతో అర్థము చెప్పినట్లు కాదు. ఆ పదము ఏ పొగలోనుండి వచ్చినదో, ఎవరు దానిని త్రోసిపుచ్చిరో, ఎవరు దానిని సంకెళ్లలో నుండి పలికిరో చెప్పినపుడు విద్యార్థికి మాట పట్టువడును. మతవిశ్వాసము ఏదైనను, విశ్వాసమే లేకున్నను, ఈ మాట నడచిన త్రోవ తెలిసికొన్నవాడు సువాసన యను పదమును మునుపటంత తేలికగా పలుకలేడు. ఫిలిప్పీవారు పంపిన మూట రెండువేలయేండ్ల క్రిందట ఖర్చైపోయినది. పౌలు దానికి వ్రాసియిచ్చిన రసీదు మాత్రము నేటికిని చదువవచ్చును.